ఎండిన రీడు

మా పెళ్లి బ్యాండులో సాక్సోఫోన్ వాయించే అన్న, ఊదే ముందు దాని మూతికి బిగించే పల్చటి బద్దను, అదే రీడును, నోట్లో పెట్టుకుని చాలాసేపు తడిపేవాడు. బరాత్ మొత్తం ఆగినా సరే, తొందరపడేవాడు కాదు. "ఎండిన రీడు అబద్ధమాడ్తది తమ్మీ" అనేవాడు.

పాశమైలారం బరాత్‌లలో మాతో ఊదుతూనే పాటలు కట్టాడు. అవి అందరి ఫోన్లలో మోగాక వెలిమెలలో పాటల కంపెనీ పెట్టాడు.

మొన్న మా పాత బరాత్ వీడియో ఒకటి యూట్యూబ్‌లో పెట్టాను. పాట తమదంటూ ఆయన కంపెనీ దాన్ని తీసేయించింది. ఆయనకే ఫోన్ చేశాను.

"అన్నా, అండ్ల ఊదేది నువ్వే గదా. పక్కన డ్రమ్ము కొట్టేది నేను."

రీడు తడపడానికి బరాత్‌నే ఆపిన మనిషి, ఈసారి క్షణం కూడా ఆగలేదు.

"ఊదినోడు ఎవడైతేంది తమ్మీ. పాట కంపెనీది."