తోమిచ్చిన డబ్బా

డబ్బాల మావయ్య చేతిలోని టీ గ్లాసును బల్ల మీద పెట్టబోయి గాల్లో పెట్టాడు. గ్లాసు భళ్లున పగిలింది. ఇరవై ఎనిమిదేళ్ల కొలువులో ఆ చేతిలోంచి వస్తువు జారడం అదే మొదలు.

ఆయన ఆ ప్రయోగశాల వర్క్‌షాపులో ఫిట్టరు. పక్కనున్న పెద్ద హాల్లో యంత్రం సెకనుకు యాభైసార్లు న్యూట్రాన్లను గుప్పెళ్లతో విసిరినట్టు విసురుతుంది. అవి నమూనాకు తగిలి అవతలికి ఎంతసేపట్లో చేరాయో లెక్కగడితే, దాని లోపల ఏ పరమాణువు ఎలా ఊగుతోందో తెలుస్తుందట. ఆ నమూనాను పోసి పెట్టే వేలెడంత డబ్బాను వెనేడియం రేకుతో చేసేది ఈయన. పెళ్లి ఫొటోల్లో ఫొటోగ్రాఫరులా, ఆ కొలతల్లో ఆ లోహం తను పెద్దగా కనపడదు. అయినా శాస్త్రవేత్తలకు నమ్మకం చాలదు. ప్రతి నమూనాకూ రెండు డబ్బాలు కావాలి, ఒకటి నిండుది, ఒకటి ఖాళీది. నిండుదాని లెక్కలోంచి ఖాళీదాని లెక్క తీసేస్తే మిగిలేదే నమూనా సంగతి. రెండూ కవలల్లా ఉండాలి.

"ఖాళీ డబ్బాకు మోతెక్కువంటారు గానీ, ఇక్కడ ఖాళీ డబ్బా ఒప్పుకుంటేనే ఎంతటి పండితుడి మాటైనా చెల్లేది!" అని ఆయన మీసం దువ్వేవాడు.

మేనకోడలు పదో ఏట తల్లిని పోగొట్టుకుని ఈయన ఇంటికొచ్చింది. పిల్లల్లేని ఇంట్లో కళ్లలో పెట్టుకుని పెంచాడు. ఆ పిల్లే చదివి చదివి ఇదే ప్రయోగశాలలో పరిశోధకురాలైంది. తను చేసిన మిశ్రలోహం ఎంత కాల్చినా హైడ్రోజన్‌ను వదలదని కనిపెట్టింది. సాయంత్రం నాలుగింటికి అందరి ముందూ చెప్పాలి. ముందు మావయ్యకు చూపిద్దామని కాగితాలు పట్టుకుని వర్క్‌షాపుకొచ్చింది.

"ఇదిగో గీత మీద ఈ బుడిపె చూడు మావయ్యా, హైడ్రోజన్‌ది. ఖాళీ డబ్బాలో లేదు. అంటే నా లోహంలోదే కదా!"

గ్లాసు పగిలింది అప్పుడే.

ఆ నిండు డబ్బాను, నమూనా పోయకముందు, ఆయన ఆమ్లంలో ముంచి, అద్దంలా తోమి ఇచ్చాడు. మా పిల్ల డబ్బా మసిబారినట్టుంటే ఎలా అని మురిపెం. ఆమ్లంలో మునిగితే వెనేడియం హైడ్రోజన్ తాగేస్తుంది. తరవాత గాలి తీసేసిన కొలిమిలో కాల్చి దాన్ని వెళ్లగొట్టాలి. కొత్తగా చేరినవాళ్లకు ఈ పాఠం చెప్పేదీ ఆయనే! ఆ రోజు కొలిమి ఖాళీ లేదు, పిల్లేమో తొందరపెట్టింది. కాసేపేగా ముంచింది, ఏమవుతుందిలే అనుకున్నాడు. రెండో డబ్బాను అసలు తోమనేలేదు. చెప్పేవి శ్రీరంగనీతులంటే ఇదే మరి.

అంతా చెప్పేశాడు. పిల్ల కాగితాలు గబగబా మడిచింది.

"ఎవరికైనా చెప్పావా?"

"నాకే ఇప్పుడు తెలిసిందమ్మడూ."

"అయితే చెప్పకు."

ఆయన చెవుల్ని ఆయనే నమ్మలేకపోయాడు. "అదేంటి తల్లీ! మళ్లీ కొలుస్తానని చెప్పు. తప్పు నాదని నేనే ఒప్పుకుంటాగా."

"యంత్రం మళ్లీ దొరకాలంటే ఎనిమిది నెలలు మావయ్యా. ఈలోగా నా ఉద్యోగం గడువైపోతుంది. ఏమో, నిజంగానే నా లోహంలోనూ ఉందేమో! ఖాళీ డబ్బా గురించి ఎవరడుగుతారు?"

వెళ్లిపోయింది. గాజుపెంకులు ఏరాలన్న ధ్యాస కూడా లేక ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కొలబద్ద మీద ఉన్నదే చదవాలి, ఉంటే బాగుండుననుకున్నది కాదు అని వేలు పట్టి నేర్పింది ఈ పిల్లకేనా?

నాలుగింటికి చివరి వరసలో కూర్చున్నాడు. అమ్మాయి ధైర్యంగా, చక్కగా చెప్పింది. చప్పట్లయ్యాక శాఖ అధిపతి, కళ్లజోడు మేడమ్, అడగనే అడిగింది.

"రెండు డబ్బాలూ ఒకేలా తయారైనవేనా?"

"ఒకే రేకండీ, ఒకే చెయ్యి."

రెప్ప కూడా వాల్చలేదు. పైగా అందులో ఒక్క మాటా అబద్ధం కాదు! ఆయన తనకు తెలియకుండానే లేచి నిలబడ్డాడు.

"చెయ్యి ఒకటేనండీ. కానీ నిండుదాన్ని ఆమ్లంలో తోమాను. కాల్చలేదు."

అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. అమ్మాయి మైకు దగ్గరికి జరిగింది.

"ఆయన మా వర్క్‌షాపు ఫిట్టరండీ. పెద్దాయన. ఈ మధ్య సరిగ్గా గుర్తుండటం లేదు."

చెంప ఛెళ్లుమనిపించినా ఆయన అంత బిత్తరపోయేవాడు కాదు. వెనక్కి తిరిగినవాళ్ల కళ్లలో అప్పటికే జాలి కనపడుతోంది. "కూర్చోండి, పర్లేదు" అంది మేడమ్ మెత్తగా.

ఆయన కూర్చోలేదు.

"గుర్తుందండీ. మంగళవారం, పదకొండింటికి. మా అమ్మాయి కోసమని తోమాను."