సంతోషి మేడం మార్కుల పంచాయతీ

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగు కాలేజీలు పుట్టగొడుగుల్లా మొలిచిన రోజుల్లో, బస్టాండు వెనక సందులో ఓ చిన్న డిగ్రీ కాలేజీ ఉండేది. కింద ఎరువుల దుకాణం, పై రెండంతస్తుల్లో కాలేజీ. యూరియా వాసన ఓర్చుకుంటే చదువు దానంతటదే ఏపుగా పెరుగుతుందని పిల్లలు వేళాకోళమాడేవారు. ఏది పెరిగినా అర్థశాస్త్రం చెప్పే సంతోషి మేడం దగ్గర మార్కు పెరగడం మాత్రం గగనమే.

అలాగని ఆమె కఠినాత్మురాలేం కాదు. మహేశ్వరం నుంచి వస్తూ పోతూ బస్సులో పక్కనున్న పిల్లలకు పల్లీలు పంచిపెట్టే మనిషి. కాకపోతే ఆమె తండ్రి ఊళ్లో తగవులు తీర్చే పెద్దమనిషి. రెండు పక్కల మాటా వినకుండా తీర్పు చెబితే ఆయనకు అన్నం అరగదు. ఆ బుద్ధే కూతురికీ వచ్చింది. సెమిస్టర్ పద్ధతి మొదలై, ఇరవై ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతికొచ్చాక, ఆమె శనివారం శనివారం మార్కుల పంచాయతీ పెట్టసాగింది. తక్కువొచ్చాయనుకున్నవాళ్లు తమ పేపరు పట్టుకుని అందరి ముందూ వాదించుకోవచ్చు. తోటివాళ్లూ మధ్యలో దూరవచ్చు. నెగ్గితే మార్కు పెరుగుతుంది, బొంకితే ఉన్నదీ ఊడుతుంది.

మొదట్లో బెదిరిన పిల్లలు తర్వాత రుచి మరిగారు. బొంగులూరు నుంచి వచ్చే మల్లేశ్ అయితే తొమ్మిది మార్కుల్ని వాదించి పదకొండు చేసుకుని, సర్పంచి ఎన్నిక గెలిచినట్టు కాలేజీ అంతా తిరిగాడు.

ఈ సంబరానికి ప్రిన్సిపాల్ భూపాల్ సార్ అడ్డం పడ్డాడు. పక్క కాలేజీల్లో అందరికీ ఇరవైకి ఇరవై వేస్తున్నారు, ఇక్కడ పదకొండు కోసం కొట్లాట పెడితే వచ్చే ఏడు చేరేదెవరని ఆయన బెంగ. పాపం, అది ఉత్త భయమేమీ కాదు. కూర్చున్నచోటనే మార్కుల కాగితం మీద అందరికీ ఇరవై రాసి ఆమె ముందుకు తోశాడు.

"సంతకం పెట్టుండ్రి మేడం."

"పేపర్లు చూసిండ్రా సార్?"

"చూసుడెందుకు? ఇరవైకి మించి ఎట్లాగూ లేదు గద!"

"చూడకుండ వేసిన మార్కులకు నేను సంతకం పెట్టను."

"శనివారం సాయంత్రం దాకా చూస్త. గప్పటికీ పెట్టకుంటే ఇంకో మేడంను చూసుకుంట. నాకు వేరే తొవ్వ లేదు."

ఆ రోజు బస్సులో ఆమె పల్లీల పొట్లం విప్పనేలేదు. ఉద్యోగం పోతుందని భయమేసింది. సంతకం పెడితే ఇన్నాళ్ల పంచాయతీ ఒట్టి నాటకమైపోతుందని అంతకంటే దిగులేసింది.

శనివారం పంచాయతీకి అందరూ చేరారు. ఇరవైల కబురు అప్పటికే పాకిపోయింది. క్లాసులో మొదటి మార్కు ఎప్పుడూ మనోజదే. ఆ పిల్లే ముందుగా లేచింది.

"మేడం, పద్దెనిమిది కోసం నేను వారాల తరబడి కొట్లాడిన. ఇప్పుడు నాకూ మల్లేశ్‌కూ ఒక్కటే మార్కులా? ఇరవై వేసినోళ్లను పిలువుండ్రి, వచ్చి వాదించమనుండ్రి!"

"నీకేంది కడుపుమంట? వచ్చింది కళ్లకద్దుకోక!" అన్నాడు మల్లేశ్.

ఆపుదామా అనుకుంది సంతోషి. కానీ ఎవరైనా వాదించుకోవచ్చన్నది తను పెట్టిన పద్ధతే. మనోజ వెళ్లి ప్రిన్సిపాల్‌ను పిలుచుకొచ్చింది. ఆయన నవ్వుకుంటూ వచ్చి, గొడవ చిటికెలో తేల్చేద్దామని మల్లేశ్ పేపరు అందుకున్నాడు. ఆయనా ఒకప్పుడు అర్థశాస్త్రం చెప్పినవాడే. ప్రిన్సిపాల్ అయ్యాక పాఠం మొహం చూడలేదు.

ధర పెరిగితే గిరాకీ తగ్గుతుందనే సూత్రాన్నీ, దాని మినహాయింపుల్నీ వివరించమన్నది ఇరవై మార్కుల ప్రశ్న. మల్లేశ్ జవాబును ఆయన పైకి చదివాడు.

"మా బొంగులూరుల ప్లాట్లు అగ్గువ ఉన్నప్పుడు ఎవ్వరు రాలే. ధర పెరిగినంక ఎగబడ్డరు. ఇంకా పెరుగుతదని కొన్నరు. మా బాపు మాత్రం అగ్గువ ఉన్నప్పుడే అమ్ముకున్నడు."

క్లాసంతా గొల్లుమంది. ఆయనా నవ్వబోయి ఆగాడు.

"అరె, ఇది కరెక్టే గద! ఇంకా పెరుగుతదని ఆశ ఉంటే పిరమైనా కొంటరు. మస్తు ఉదాహరణ! దీనికి పదకొండేంది మేడం?"

"మినహాయింపు చెప్పిండు, సరే. అసలు సూత్రమేది సార్? పెండ్లి చేయకుండ అప్పగింతలు పెట్టినట్టున్నది."

"కండ్లతోని చూసి రాసిండు. పద్నాలుగియ్యాలె!"

"పదకొండే."

భూపాల్ సార్ బల్ల గుద్దాడు. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద గీతలు గీశాడు. చొక్కా తెల్లబడింది. మనోజ అడ్డుప్రశ్నలు వేస్తే ఆ పిల్లతోనూ తగువు పెట్టుకున్నాడు. చివరికి పన్నెండు దగ్గర తెగింది. కుస్తీ గెలిచినవాడిలా ఆయన చెమట తుడుచుకున్నాడు.

అప్పుడు మల్లేశ్ లేచాడు.

"సార్, మీరు రాకముందు నాకు ఇరవై ఉండె. నా దిక్కు మాట్లాడి మాట్లాడి పన్నెండుకు దింపిండ్రు. ఇంకా జరసేపు మాట్లాడితే ఫెయిలే గద!"

నవ్వులకు కింద ఎరువుల దుకాణంవాళ్లు తలెత్తి చూశారు. భూపాల్ సార్ కూడా పగలబడి నవ్వాడు. తర్వాత చేతిలోని పేపరు చూసుకుని మెల్లగా అన్నాడు.

"చూడకుండ ఇరవై వేసిన. చూసినంక ఒక్క మార్కు కోసం గొంతు పోయేదాక కొట్లాడిన. మీ మార్కులే పంపుదాం మేడం. అడ్మిషన్ల ఫికర్ నాకు వదిలెయ్యుండ్రి. మల్లేశ్‌కు మాత్రం పన్నెండు, మళ్ల మాట మార్చొద్దు."

సంతోషి తను వేసిన మార్కుల కాగితంలో పదకొండు కొట్టేసి పన్నెండు వేసి సంతకం చేసింది. ఓడిపోయి ఇంతగా ఆనందపడటం ఆమెకదే మొదలు.

అందరూ బస్సులకు పరుగెత్తారు. మల్లేశ్ కదల్లేదు.

"మేడం, నా పేపర్ మీద గింత లొల్లి అయితదా?"

"అవ్ బిడ్డా. గందుకే, చదవకుండ ఇరవై వేస్తే నాకు మండింది."

వాడు తల గోక్కున్నాడు. "సూత్రం గూడ రాస్తే ఎన్ని వస్తుండె?"

"పదహారు."

"ఒక్క లైనుకు నాలుగా!" మల్లేశ్ గబగబా ముందు బెంచీలోకి వచ్చి కూర్చున్నాడు. "బస్సు ఇంకోటొస్తది తియ్యి. చెప్పుండ్రి మేడం, గా సూత్రమేందో."