ఓడ సరుకని అమ్మిన ఎర్ర గిటారు

అయూబ్ చేతిలో చిన్న దూది ఉండ ఉంది. గిటారు మెడ అంచు వెంట దాన్ని పైనుంచి కిందికి మెల్లగా లాగుతున్నాడు. మెడ మీద అడ్డంగా కొట్టిన ఇత్తడి మెట్లలో మూడోదాని దగ్గర దూది చిక్కుకుంది. విడిపించి మళ్లీ లాగాడు. ఐదో మెట్టు పట్టుకుంది. అక్కణ్ణుంచి ప్రతి మెట్టూ తలా ఓ పోగు పీకి ఉంచుకుంది. చివరికొచ్చేసరికి చేతిలో దూది లేదు. నిగనిగలాడే ఎర్ర గిటారు మెడకి తెల్ల గడ్డం మొలిచింది.

“సూసినావా పాపా?” అన్నాడు. “ఇత్తడి తీగ కోసి మెట్లు కొట్టీసినాడు గానీ అంచులకి ఆకురాయి పెట్టలేదు. ఓ పూట పని. ఆ పూట పని ఎగ్గొట్టి నీ అరసెయ్యి గీరుకుపొమ్మన్నాడు.”

ఎదురుగా స్టూలు మీద కూర్చున్న గంగాభవాని నెమ్మదిగా అంది. “ఆకురాయి పెడితే పోద్ది కదా బాబాయ్.”

“పోతాది. అదొక్కటే అయితే నాకింత కోపమెందుకు?”

అయూబ్‌కి కోపం రావడం కొత్త సంగతేమీ కాదు. పూర్ణా మార్కెట్ వెనక సందులో, అత్తరు కొట్టుకీ గొడుగులు బాగుచేసే దుకాణానికీ మధ్య అతని కొట్టు. హార్మోనియాలు, మాండలిన్లు, బుల్‌బుల్ తరంగ్‌లు, ఒకోసారి గుడి నుంచి వీణ కూడా వచ్చేది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కుర్రతనంలో పోర్టు పడవల రిపేరు షెడ్డులో వడ్రంగం చేశాడు. చెక్క సంగతి అక్కడ తెలిసింది. నానిన పలకని ఆరింది అని రాసిమ్మన్న కాంట్రాక్టరుతో గొడవపడి బయటికొచ్చేశాడు. ఆ తర్వాత పాడైన హార్మోనియం పెట్టెలు కొనుక్కుని, విప్పి, బిగించి, మళ్లీ విప్పి స్వరం సంగతి తెలుసుకున్నాడు. పనికి వంక పెట్టిన వాళ్లు లేరు. కానీ సామాను తెచ్చినవాణ్ణి ముందు తిట్టి, తర్వాతే బాగుచేస్తాడని పేరు. అందుకని చాలామంది సామాను ఇంకొకరి చేత పంపించేవాళ్లు.

భవాని తనే తెచ్చుకుంది. వాళ్ల నాన్న గవర్రాజు పెద్దాపురం నుంచి వచ్చి పోర్టులో క్రేను డ్రైవరయ్యాడు. పిల్ల ఇక్కడే పుట్టింది. చర్చిలో ఓ టీచరమ్మ దగ్గర మామూలు గిటారు నేర్చుకుని, సీతారామాంజనేయులు నడిపే ఆర్కెస్ట్రాలో అప్పుడప్పుడూ వెనక కూర్చుని వాయించేది. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. వినాయక చవితి వస్తే ప్రతి కాలనీలోనూ పందిరీ, ప్రతి పందిట్లోనూ పాట కచేరీ. ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే అతనికి భిలాయిలో ఉద్యోగమొచ్చి వెళ్లిపోయాడు. ఆ కుర్చీ ఖాళీ అయింది. సీతారామాంజనేయులు ఒకటే మాట చెప్పాడు. శనివారం కచేరీకి ఎలక్ట్రిక్ గిటారుతో వస్తే ఆ కుర్చీ నీది, లేకపోతే విజయనగరం నుంచి ఒకతను సిద్ధంగా ఉన్నాడు. నాన్న బోనసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పోర్టు గేటు దగ్గర త్రినాథరావు కొట్లో, అద్దాల వెనక, రంగు దీపాల కింద ఈ ఎర్ర గిటారు వేలాడుతోంది. తల మీద ‘జపాన్’ అని బంగారు స్టిక్కరు. ధర తనకి అందేలా ఉంది.

అందేలా ఉండడమే అయూబ్‌కి మొదట నచ్చలేదు. జపాన్ నుంచి ఓడెక్కి వచ్చిన గిటారు ఈ ధరకి ఎలా వస్తుంది?

నడిమి మెట్టు దగ్గర తీగని తాకీ తాకకుండా మీటాడు. గంటలా సన్నటి స్వరం పలికింది. అదే మెట్టు మీద గట్టిగా నొక్కి మీటాడు. అదే స్వరం రావాలి. రాలేదు, పైకి పోయింది. తీగలు ఆనే గుర్రాన్ని కాస్త వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. నడిమి మెట్టు దారికొచ్చింది కానీ కింది మెట్లు తప్పాయి. దాన్ని సరిచేస్తే ఇంకోటి తప్పింది.

“గుర్రం తప్పయితే జరుపుతాను. మెట్లే కొలతలేకుండా కొట్టినాడు. వీటిని పీకి, గాట్లు పూడ్చి, మళ్లీ కొయ్యాల. అంటే కొత్త మెడ సెయ్యాల.”

తర్వాత వీపు మరలు విప్పాడు. మెడా ఒళ్లూ కలిసే చోట సిగరెట్ పెట్టె అట్టముక్క మడిచి కుక్కి ఉంది. రంగు పగిలిన చోట గోటితో గీకాడు. లప్పం రాలింది. దాని కింద మేకు బెజ్జం. కొంచెం ఎడంగా ఇంకోటి. చెక్కని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అతని ముఖం మాడిపోయింది.

“డన్నేజి,” అన్నాడు.

“అంటే ఏంటి బాబాయ్?”

“ఓడ కడుపులో బస్తాల కింద పరుత్తారు సూడు, ఆ పలకలు. సరుకు దింపీసినాక పోర్టోళ్లు వేలం ఏత్తారు. కట్టెలకి కొనుక్కుంటారు, కోళ్ల గూళ్లకి కొనుక్కుంటారు. సముద్రం నీళ్లు తాగి తాగి ఉంటాది. ఉప్పు పోదు. ఇందులో మర ఏత్తే ఏడాది తిరక్కుండా తుప్పట్టి ఊడొత్తాది.” గిటారుని బల్ల మీద పెట్టాడు. “నాను ఆ పలకల మీద కూకొని అన్నం తిన్నోణ్ణి. నాకు జపాన్ అని సెప్తాడా?”

భవాని ముఖం చిన్నబోయింది. “ఓడ సరుక్కి వాపసు లేదన్నాడు బాబాయ్ ముందే.”

ఆ రోజుల్లో అది రివాజు. ఓడల మీంచి దిగిన సరుక్కి బిల్లుండదు. బిల్లు లేదు కాబట్టి వాపసు లేదు, ఫిర్యాదూ లేదు. టేప్ రికార్డరు, సెంటు, గొడుగు, ఏదైనా సరే, ఓడ పేరు చెబితే ఊరంతా కళ్లు మూసుకుని కొనేది. సొంత ఊళ్లో చేసిన దాన్ని పదిసార్లు తిప్పి చూసే మనిషి, ఓడ సరుకుని తిప్పి చూడ్డం నామోషీ అనుకునేవాడు.

“లే,” అన్నాడు అయూబ్, కొట్టుకి తాళం వేస్తూ.

త్రినాథరావు బేరం మీద ఉన్నాడు. ఇద్దరు మనుషులు టేప్ రికార్డరు బటన్లు నొక్కి చూస్తున్నారు.

“రా అయూబ్ బావా. నీ నవ్వు మొగం సూసి ఎన్నాళ్లయిపోనాది.”

“ఈ సెక్క ఏ దేశంది?”

“జపానే కదేటి. స్టిక్కరున్నాది.”

“స్టిక్కరు సంగతి ఎవుడడిగినాడు? సెక్క.”

“సెక్కకి దేశమేటి బావా. సెట్టుకి పాస్‌పోర్టుంటాదేటి?” త్రినాథరావు నవ్వాడు. బేరమాడే ఇద్దరూ నవ్వారు.

“ఓడ సరుకని సెప్పినావంట. అబద్ధం కాదులే. ఓడలోంచే ఒచ్చింది. కాకపోతే సరుకు కాదు, సరుకు కింద పరిసింది.”

“అమ్మాయి సూసుకొని కొన్నాది. వాపసు లేదని సెప్పే ఇచ్చినాను. నీకేటి మధ్యలో?”

అయూబ్ గిటారుని అద్దాల బల్ల మీద బోర్లా పడుకోబెట్టాడు. పట్టీ తగిలించే మరని రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండానే మర ఊడి వచ్చింది. దాంతో పాటు తడి పొట్టు. దాన్ని బల్ల మీద పెట్టి రెండో మర పట్టుకున్నాడు. టేప్ రికార్డరు చూస్తున్న వాళ్లిద్దరూ ఇటు వంగారు. ఒకతను తన చేతిలో దాన్ని తిరగేసి దాని మరల వంక చూడ్డం మొదలెట్టాడు.

“బావా, ఆపు,” అన్నాడు త్రినాథరావు గొంతు తగ్గించి. “ఏటి గావాల నీకు?”

“డబ్బులొద్దు. బదులు ఇంకోటి. నాను ఏరుకుంటాను.”

గోడకి ఇంకో రెండున్నాయి. ఒకటి నీలం, ఒకటి మెరుపు పొడి చల్లింది. అయూబ్ ఒక్కోదాన్నీ కంటికి ఆనించి, తుపాకీ గురి చూసినట్టు మెడ పొడుగునా చూశాడు. ఒకటి పక్కకి తిరిగింది, ఇంకోటి విల్లులా వంగింది. రెండూ తిరిగి తగిలించాడు. “అన్నీ ఒకే సేతి పని,” అని గొణిగాడు.

లోపల బిస్కెట్ డబ్బాల కింద నల్లటి మెడ ఒకటి కనపడింది. డబ్బాలు తనే దించి బయటికి లాగాడు. మసి పట్టిన నల్ల గిటారు. తీగలు మూడే ఉన్నాయి.

“అది నీకెందుకు? కలకత్తాది,” అన్నాడు త్రినాథరావు. “హోటల్లో బ్యాండోళ్లు ఎల్తా ఎల్తా నాకు అంటగట్టీసినారు. మోగదు. ఉత్త మొద్దు.”

అయూబ్ చొక్కా అంచుతో మెడ తుడిచాడు. కంటికి ఆనించి చూశాడు. దారం పట్టి లాగినట్టు తిన్నగా ఉంది. తీగని మొదటి మెట్టు మీదా, చివరి మెట్టు మీదా నొక్కిపట్టి, మధ్యలో ఎంత సందుందో చూశాడు. మందపాటి కాగితం పట్టేటంత. మెట్ల అంచు మీద అరచెయ్యి పెట్టి జార్చాడు. ఎక్కడా ఆగలేదు. మెడా ఒళ్లూ కలిసే చోట వేలిగోరు దూర్చబోయాడు, దూరలేదు. తీగలు బిగించే బిరడాలు తిప్పితే బిగువుగా తిరిగి, తిప్పిన చోటే నిలబడ్డాయి. రంగు పోయిన చోట చెక్క పోగులు పొడుగునా నిటారుగా సాగాయి.

అతని గొంతు కొత్తగా పలికింది. కోపం తగ్గి కాదు, ఇంకో మెట్టు పెరిగి. “ఎవుడో కలకత్తాలో మెట్టు మెట్టుకీ ఆకురాయి పెట్టి కూకున్నాడు. పేరైనా రాసుకోలేదు. దీన్ని నువ్వు బిస్కెట్ డబ్బాల కిందెట్టినావు. ఆ లప్పం మొద్దుని దీపాల కిందెట్టినావు. సిగ్గుండాలి కదా త్రినాథా.”

“జనం ఎర్రదే అడుగుతారు బావా. నానేటి సెయ్యను?”

భవాని ఎర్ర గిటారు వైపు చూసింది. పందిట్లో దీపాల కింద దాంతో నిలబడినట్టు ఊహించుకుని రెండు రాత్రులు నిద్రపోని పిల్ల. నల్లదాన్ని చూస్తే కాలిన దుంగలా ఉంది.

“ఇది మోగదంటున్నాడు బాబాయ్. శనివారం ఎల్లుండే.”

“మోగకపోతే నాను మోగిత్తాను. తీగతో పోయే పని. ఎర్రదాని మెడ సక్కబెట్టడం నా వల్ల కాదు, ఎవుడి వల్లా కాదు. వాయించేది నువ్వు. పట్టుకొని సూడు.”

పట్టుకుంది. ఎడమ చెయ్యి మెడ చుట్టూ వేసింది. ఉన్న మూడు తీగల మీద వేళ్లు పైకీ కిందికీ నడిపింది. మీటలేదు, నొక్కి చూసిందంతే. కాసేపటికి ఎర్రదాని వైపు చూడ్డం మానేసింది.

“ఇదే,” అంది.

తన కొట్టుకి తెచ్చి అయూబ్ వీపు విప్పితే రోగం కనపడింది. తీగల కింద ఉండే పికప్‌లో అయస్కాంతం బాగానే ఉంది. దాని చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగ ఉప్పు గాలికి పచ్చబడి, తెగిపోయింది. పాత రేడియో కాయిల్ నుంచి తీగ తీశాడు. చుట్టే పని మాత్రం అతను చెయ్యలేడు. అతని వేళ్లు ఉలికి అలవాటు పడ్డవి. కొట్టు వెనకే ఇల్లు. భార్య చాంద్ సుల్తానా కుట్టుమిషను మీద, దారం కండె చుట్టే చక్రానికి పికప్‌ని మైనంతో అంటించి తిప్పడం మొదలెట్టింది. తీగని గుడ్డముక్క మధ్య పట్టుకుని, ఊపిరి బిగపట్టి. సగంలో తెగింది. అతికించి మళ్లీ తిప్పింది. మళ్లీ తెగింది.

“ఆ త్రినాథరావుని...” అని మొదలెట్టాడు అయూబ్.

“అరిచేది మీరు, తిప్పేది నేను,” అంది ఆవిడ తలెత్తకుండా. “మీ అరుపుకే తెగుతోంది తీగ. బయటికెళ్లి అరవండి.”

అయూబ్ బయటికెళ్లి నోరు మూసుకుని గిటారు మెట్లు తోమాడు. మర్నాటి మధ్యాహ్నానికి కొత్త తీగలెక్కించి, గిటారు వైరుని పాత వాల్వు రేడియో వెనక, గ్రామఫోను తగిలించే రంధ్రాల్లో గుచ్చాడు. రేడియో వేడెక్కింది. తీగ మీటాడు. సందులో గొడుగుల మనిషి పని ఆపి తల తిప్పాడు.

అదే సమయానికి సీతారామాంజనేయులు వచ్చాడు. బాగుచెయ్యడానికిచ్చిన తన హార్మోనియం తీసుకెళ్లడానికి. భవానిని, ఆమె ఒళ్లో గిటారుని చూశాడు.

“ఇదేంటమ్మా, అంత్యక్రియలకి వెళ్తున్నట్టు. స్టేజీ మీద కాస్త మెరవాలి. అయూబూ, రేపటికి ఎర్ర రంగు కొట్టెయ్.”

“దీనికి కొడితే తమరి పెట్టెకీ కొడతాను మేస్టారూ. రెండూ మెరుత్తాయి.”

“నా పెట్టెకెందుకు?”

“మరి దీనికి మాత్రం ఎందుకు?”

సీతారామాంజనేయులు హార్మోనియం పెట్టె తెరిచి కూర్చున్నాడు. పాత గిటారతనితో ఆయన బాధ ఆయనకే తెలుసు. పై స్వరాల్లో గిటారు ఒక దారి, పెట్టె ఒక దారి. పెట్టె శ్రుతి అప్పటికప్పుడు మార్చలేం, తప్పు గిటారుదైనా ముందు వరస జనం పెట్టెనే తిట్టేవాళ్లు. “కింద షడ్జమం నుంచి రా,” అన్నాడు.

భవాని మొదలెట్టింది. ఒక్కో స్వరానికీ ఆయన ఒక్కో మెట్టు నొక్కి చెవి వంచాడు. పైకి వెళ్లేకొద్దీ ఆయన కనుబొమలు ముడిపడ్డాయి, ఇక్కడ తప్పుతుంది, ఇక్కడ తప్పుతుంది అని ఎదురుచూస్తున్నట్టు. చివరి మెట్టు మీద ఇద్దరూ ఆగారు. రెండు స్వరాలూ ఒకటిగా నిలబడ్డాయి. ఆయన కాసేపు గాలి పోస్తూనే ఉండి, తర్వాత పెట్టె మూశాడు.

“రేపు మూడింటికి వ్యాను జగదాంబ సెంటర్ దగ్గర ఆగుతుంది. ఆలస్యమైతే ఆగను. విజయనగరం అతనికి వద్దని ఫోను చెయ్యాలి,” అని పెట్టె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

భవానికి అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. అర్థమయ్యాక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అయూబ్ మాత్రం సందు మలుపు దాకా ఆయన వీపునే చూస్తూ ఉన్నాడు. “బాగున్నాదని ఒక్క మాటంటే నోరరిగిపోతాదా?”

గిటారుని తీసుకుని ఆఖరిసారి పాత బనీను గుడ్డతో వీపు, మెడ, తీగల అడుగు తుడిచాడు. “వాయించినాక పతీసారీ తీగలు తుడుసుకో. మన గాలి మంచిది కాదు. ఎవుడైనా కొబ్బరి నూనె రాయమంటే వాణ్ణి నా దగ్గరికి పంపు. గోడకి సేరేసి ఒదిలీకు, మెడ వంగుతాది. పడుకోబెట్టు.”

“సరే బాబాయ్.”

“రంగు ఏయించినావని తెలిసిందో, మళ్లీ నా గడప ఎక్కొద్దు.”

“వేయించను.”

చాంద్ సుల్తానా కుట్టిన ఖాకీ సంచిలోకి గిటారుని జార్చాడు. మూతి తాడు బిగించి, ముడి ఒకసారి లాగి చూసి, రెండు చేతులా ఎత్తి భవాని చేతుల్లో పెట్టాడు.