పిల్లల జాబితాలో నా పేరు

ఇంటికి నెట్ పెట్టించిన కొత్తలో, ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, మా ఆయన దానికి కట్టుబాట్లు పెడతానన్నారు. ఆయన తాండూరు నుంచి రోజూ రైల్లో వికారాబాద్ వెళ్లి ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తారు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో పేరు, ఒక్కో పాస్‌వర్డ్. పెద్దల జాబితాలో ఉన్నవాళ్లకు అన్నీ తెరుచుకుంటాయి, పిల్లల జాబితాలో ఉన్నవాళ్లకు కొన్నే.

"మాకేనా తాళం? మీకు లేదా?" అంది పదమూడేళ్ల మా బిడ్డ.

"నన్ను గూడ పిల్లలల్ల వెయ్యున్రి," అన్నాను.

"నీకు పెండ్లీడుకొచ్చే బిడ్డ ఉన్నది. నిన్నేం పిల్లలల్ల వెయ్యాలె?" అని నవ్వారు.

"వెయ్యున్రి. తల్లికి లేని కట్టు బిడ్డకెట్ల చెప్తం?"

నా పేరూ పిల్లల జాబితాలోనే వేశారు. ఇంకో చిక్కు వచ్చింది. ఆ ఏర్పాటుకు తెలుగు చెడ్డమాటలు తెలియవు. ఆపాల్సిన మాటలు మనమే రాసివ్వాలి. "నువ్వు రాయి, నీ రాత మంచిగుంటది," అన్నారు. నేను బడికి పోలేదు. నాన్నే ఇంట్లో బండల మీద సుద్దముక్కతో అక్షరాలు దిద్దించారు. ఆ అక్షరాలతో ఆ రోజు, ఎన్నడూ పలకని మాటలు రాశాను. ఆయన గోడ వైపు చూస్తూ చెప్పారు. నేను కాగితం మీంచి తల ఎత్తలేదు. ఏది చెడ్డదో తేల్చుకోలేక ఒంటి భాగాల పేర్లు కూడా రాసేశాం. "ఇంకేమన్న ఉన్నయా?" అని ఆయనడిగితే, చివర్లో 'రొమ్ము' అని నేనే చేర్చాను.

వానలు తగ్గాక ఒక పొద్దున స్నానం చేస్తుంటే ఎడమ వైపు గట్టిగా ఏదో చేతికి తగిలింది. రేగుపండంత. నొప్పి లేదు. నాకు భయమూ కలగలేదు. వేరెవరి ఒంట్లోనో ఉన్నట్టుంది. చీర కట్టుకుని జొన్నరొట్టెలు చేశాను. తినే ముందు ఎప్పటిలాగే దేవునికి స్తోత్రం చెప్పాను.

అమ్మ లేదు. ఆయనతో చెప్పడానికి నోరు రాలేదు. తెలియనిదేదైనా చదివి తెలుసుకోమని నాన్న చెప్పేవారు. తొమ్మిదో రోజో పదో రోజో ఫోన్‌లో 'రొమ్ములో గడ్డ' అని కొట్టాను. "ఈ పేజీ మీకు తగినది కాదు. పెద్దవారిని అడగండి," అని వచ్చింది. మర్నాడు మాటలు అటూ ఇటూ మార్చి కొట్టాను. మళ్లీ అదే. మూడోనాడూ అదే. ఫోన్ పక్కన పెట్టి పప్పులో రాళ్లు ఏరాను. ఆగిన ప్రతిదీ ఆయన ఫోన్‌కు కబురుగా పోతుందని నాకు తెలియదు.

ఆ సాయంత్రం వికారాబాద్ నుంచి ఫోన్ చేశారు.

"బిడ్డకు నీ పాస్‌వర్డ్ చెప్పినవా?"

"లేదు."

"మూడొద్దులసంది నీ పేరు మీద గలీజు మాటలు కొడుతున్నది. దానికియ్యి ఫోన్."

బిడ్డ అప్పుడే బడి నుంచి వచ్చి బూట్లు విప్పుతోంది. "నాయిననా? నేనేం జేసిన?" అంది, నా ముఖం చూసి. నేను ఊరుకుంటే నింద దాని మీదే పడుతుంది.

"బిడ్డ కాదు, నేనే," అన్నాను.

"నువ్వా? నీకెందుకు?"

"గడ్డ అయ్యింది."

"ఏడ?"

ఆ మాట పైకి అన్నాను. బిడ్డ ముందే అన్నాను. అవతల ఆఫీసులో ఎవరో నవ్వుతున్న చప్పుడు వినిపించింది.

"ఎన్నొద్దులాయె?"

"పన్నెండు."

"నాకు చెప్పొద్దా?"

"నోరు రాలే."

"ఇప్పుడే వస్తున్న. ఫికర్ జెయ్యకు," అన్నారు. బిడ్డ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నట్టు తెలుస్తోంది, అంతే.

మర్నాడు వికారాబాద్‌లో డాక్టరమ్మ సూదితో కొంచెం తీసి పరీక్షకు పంపారు. వారం తర్వాత మళ్లీ వెళ్లాం. భయపడేది కాదు, ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. ఆయన మెట్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ రాలేదు. తిరుగు రైల్లో కంది చేలు చూస్తూ స్తోత్రం అన్నాను. పెదవులే అన్నాయి, లోపలికి చేరలేదు. అలా చెప్పినా దేవుడు వింటాడని, తాండూరు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.