గెడ్డ పురుగు ఎలా బతుకుతుంది

నా చిన్నప్పుడు మా కొండ ఊరికీ బడికీ మధ్య ఒక గెడ్డ పారేది. ఒకనాడు దాన్ని దాటుతుంటే నీళ్ళలో ఏదో నా పిక్కను పట్టి లాగినట్టయింది. ఇంటికి పరుగెత్తుకొచ్చి, గెడ్డలో కత్తెరలాంటి మూతి ఉన్న పెద్ద పురుగుందని చెప్పాను. ఇక బడికి వెళ్ళనని భీష్మించుకు కూర్చున్నాను. నాన్న బతిమాలి బతిమాలి, చివరికి మేకల వెంట పంపేద్దామన్నాడు.

అప్పుడు మా చిన్నత్త, నాన్న చెల్లెలు, చోళ్ళు చెరుగుతూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. పురుగేమీ లేదని అందరూ చెప్పి విసిగిపోయారు. ఆవిడ మాత్రం ఆ మాట అనలేదు.

"గుడ్లు ఎక్కడెడతాదే గుంటా?" అంది.

నీళ్ళలోనే అన్నాను.

"వానకి గెడ్డ పొంగితే కొట్టుకుపోవా మరి?"

రాళ్ళ అడుగున జిగురుతో అంటిస్తుందన్నాను. పిల్లలేం తింటాయంది. పాచి అన్నాను.

"పాసి తినేదానికి కత్తెర మూతి ఏటికే?" అని నవ్వింది.

నిజమేననిపించి, పెద్దయ్యాక చేపపిల్లల్ని పడుతుందని సర్దుకున్నాను. ఎండాకాలం బురదలో దూరి పడుకుంటుంది. ఒళ్ళు పెరిగితే పాత చర్మం విడుస్తుంది. కొత్తది గట్టిపడేదాకా పీతలు తినేస్తాయని రాతి కిందే దాక్కుంటుంది. నా ప్రతి జవాబులోనూ అత్త ఒక కంత చూపేది, నేను ఆలోచించి పూడ్చేదాన్ని.

"అలాటిది నీ కాలు సూస్తే ఏటి సేత్తాది?" అంది చివరికి.

"పారిపోతాది," అన్నాను. అన్నాక నాకే ఆశ్చర్యం వేసింది.

మర్నాడు అత్త ఒడ్డున నిలబడింది. పురుగును ఎక్కడ తొక్కుతానోనని మెల్లగా అడుగులేస్తూ నేనొక్కదాన్నే గెడ్డ దాటాను.

ఆ బడి తరవాత సీతంపేటలో చదువుకుని టీచరునయ్యాను. ఈమధ్య నా రొమ్ములో కణితి ఉందని తెలిసింది. భయపడుతూనే డాక్టరమ్మను అడిగాను, అది ఎలా పుడుతుంది, ఏం తిని పెరుగుతుంది, దేనికి లొంగుతుంది అని. ఆవిడ ఓపిగ్గా అన్నీ చెప్పింది. భయం పూర్తిగా పోలేదు గానీ, వైద్యానికి నా కాళ్ళ మీద నేనే నడిచి వెళ్ళాను. ఇప్పుడు కులాసాగానే ఉన్నాను.

చిన్నత్త పోయి చాలా కాలమైంది. భయపెట్టేదాన్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగడం ఆవిడ నాకిచ్చిన ఆస్తి. తలుచుకున్నప్పుడల్లా చేతులు వాటంతటవే జోడవుతాయి.