కానుకల సంచిలో ఫోన్లు

విజయ్ పాల్ మాస్టారు పోవడానికి ముందురోజు, బుధవారం, ఎప్పటిలాగే ఒక ఫోను లాక్కున్నారు. అది బడి తనిఖీకి వచ్చిన అధికారిది. ఎదుటివాడి చేతిలో ఫోను కనిపిస్తే చాలు, ఆయన చెయ్యి ఊరుకునేది కాదు.

రావులపాలెం దగ్గర మా మిషన్ హైస్కూలుకి ఆయన హెడ్మాస్టరు. నేను తెలుగు చెబుతాను. చర్చిలో ఆదివారం వరసల మధ్య తిప్పే కానుకల సంచి, పొడుగు కర్రకి ఎర్ర ముఖమల్‌ది, పాతబడిందని పాస్టరుగారు పక్కన పడేస్తే ఈయన తెచ్చుకున్నారు. రోజూ ప్రార్థన అవగానే దాన్ని పిల్లల ముందు తిప్పేవారు. అలవాటుకొద్దీ కొందరు కళ్ళు మూసుకుని మరీ ఫోన్లు వేసేవారు. సాయంత్రం దాకా దేశ భవిష్యత్తంతా ఆయన గదిలో భద్రం.

ఆ అధికారిగారు సంచిని చూసి చందా అనుకుని నోటు వేశారు. మాస్టారు నోటు తీసి ఇచ్చేసి, "ఇది కాదండి, ఆ చెవి దగ్గరది" అన్నారు.

అంతకుముందోసారి అరటి వ్యాపారి పల్లంరాజుగారు దెబ్బలాటకొచ్చారు.

"మావాడికి అర్జెంటు కబురు చెప్పాలంటే ఎలాగండీ?"

"ఏం కబురండీ?"

"గెలలు లారీకెత్తేశామనుకోండి..."

"అది తెలీకపోతే మీవాడికి త్రికోణమితి ఎక్కదాండీ?"

పల్లంరాజుగారు ఆలోచించేలోగా ఆయన ఫోనూ సంచిలో పడింది. నాలుగింటికి ఏడో తరగతి పిల్లల వెనక నిలబడి తీసుకెళ్ళారు.

ఇంత గొప్ప పాలనకీ లొంగని వీరవనిత ఒకతె ఉండేది. తొమ్మిదో తరగతి సారిక. అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ప్రతి గురువారం, నా మూడో పీరియడ్లో, మాస్టారు గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు.

"సారికా! నీ ఫోను మళ్ళీ మోగింది. సైలెంటులో పెట్టమన్నానా? పద నా గదికి!"

క్లాసంతా నవ్వేది. ఇరవై నిమిషాలకి ఎర్రబడ్డ కళ్ళతో తిరిగొచ్చేది. నేను ఊరుకుంటానా? "సిగ్గుండాలమ్మా, వారంవారం అదే తప్పా!" అని నా వంతు అక్షింతలు వేసేవాణ్ణి.

"మీ శిక్ష పనిచెయ్యట్లేదండీ. ఆ పిల్ల ఫోను అసలు బడికే తేవద్దనండి" అన్నాను ఒకసారి.

"పనిచేస్తోంది లెండి, తెలుగు మాస్టారూ" అన్నారాయన.

తనిఖీ మర్నాడు, గురువారం తెల్లారి ఆయన లేవలేదు. గుండెపోటన్నారు. గది, సంచి, పెత్తనం నాకొచ్చాయి. మరుసటి గురువారం మూడో పీరియడ్లో పిల్లల్ని వ్యాసం రాయమని గదికొచ్చేసరికి సంచిలో ఫోను మోగింది. సారికది. ఇవాళ్టితో దీని పీడ వదిలిద్దామని ఎత్తాను.

"మాస్టారూ, నేనండీ, ఏసమ్మని, సారిక వాళ్ళమ్మని. కువైట్ నుంచండి. బిడ్డని పిలుస్తారాండీ?"

"ఇది బడి టైమమ్మా. సాయంత్రం చేసుకోకూడదా?"

"మా పనోళ్ళ ఫోన్లు మేడంగారి దగ్గరే ఉంటాయండి. గురువారం పొద్దున్న ఆవిడ వాళ్ళమ్మగారింటికెళ్తే, వంటమనిషి చాటుగా తీసిస్తాదండి. ఒక్క పిల్లకి ఫోనిస్తే మిగతావాళ్ళు ఊరుకోరు, శిక్షని చెప్పి పిలుస్తానన్నారు కదండీ మీరు... మాస్టారేనాండీ?"

"లైన్లో ఉండమ్మా" అని క్లాసుకి పరిగెత్తాను. గుమ్మంలో నిలబడి, చేతనైనంత కోపం తెచ్చుకున్నాను.

"సారికా! మళ్ళీ మోగింది! పద గదికి!"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల ఒక్క క్షణం నన్నే చూసి, తలొంచుకుని, పరుగులాంటి నడకతో వచ్చింది. ఫోను చేతికిచ్చి బయటికి వెళ్ళబోయాను.

"సార్" అంది. "అరిచాక మాస్టారు తలుపేసి, ముందు నాకు సారీ చెప్పేవారండి."

చెప్పి, ఫోను గుండెకి ఆనించుకుని, నావైపే చూస్తూ నిలబడింది.