నీరు కాదు, నెత్తురు

1987 వానాకాలంలో నేను నరసరావుపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా చేరాను. అప్పటికి ఆ చుట్టుపక్కల స్కానింగ్ కొత్త. మా యంత్రంలో బొమ్మ నలుపు తెలుపుల్లోనే వచ్చేది: ఎముక తెల్లగా, నీరు నల్లగా. చిక్కల్లా నెత్తురు కూడా నల్లగానే కనిపించడం.

ఆ ఏడాది చివర్లో మాచర్ల వైపు నుంచి కోటమ్మ వచ్చింది. తొలిచూలు, ఎనిమిదో నెల. భర్త నాగేశ్వరరావు నాపరాయి క్వారీలో పనిచేసేవాడు. నెలలకు మించి పొట్ట పెరిగిందని మా ప్రసూతి వైద్యురాలు ఆమెను స్కానుకు పంపారు.

బిడ్డ తలలో, నడిమధ్య కాస్త వెనగ్గా, గుండ్రని నల్లటి సంచి ఉంది. చూడగానే నీరు చేరిందనిపించే బొమ్మే. తలలో నీరు బాగా చేరితే కాన్పు తేలిక కావడానికి సూదితో తీసేయడం ఆ రోజుల్లో ఉన్న పద్ధతి. కానీ ఈ సంచి నుంచి ఒక గొట్టం లాంటిది బయల్దేరి పుర్రె వెనక గోడ దాకా సాగింది. ఛాతీ చూస్తే గుండె ఉండాల్సినదానికంటే పెద్దదిగా ఉంది. మెదడులో ధమని నేరుగా సిరలోకి తెరుచుకుంటే ఆ సిర ఇలా ఉబ్బుతుంది. అదనంగా వచ్చిపడే నెత్తురు తోడలేక గుండె అలిసిపోతుంది. దీన్ని అంతకుముందు నేను పుస్తకంలో చదవడమే తప్ప చూడలేదు.

“ఏందమ్మా, పలకవు?” అంది కోటమ్మ.

బిడ్డ తలలో ఏదో చేరిందని అనుమానం ఉందనీ ఖాయం చేసుకోవాలనీ చెప్పి, భర్తను లోపలికి పిలిపించాను.

“నీళ్లయితే తీసెయ్యొచ్చంట గదా?” అన్నాడతను.

“నీళ్లు కాదనుకుంటున్నాను. నెత్తురు. సూది పెడితే బిడ్డ దక్కదు,” అన్నాను.

నెత్తురు పారడాన్ని పట్టి చూపించే డాప్లర్ పరికరం కోసం వాళ్లను హైదరాబాదు పంపాము. అక్కడి వైద్యులు అనుమానం నిజమేనన్నారు. నయం చేసే దారి తమ దగ్గర లేదని కూడా చెప్పి పంపారు.

తిరిగొచ్చాక కోటమ్మ నన్ను ఒక్కటే అడిగింది. “బిడ్డకి నొప్పి తెలస్తందా?”

తెలుస్తోందనడానికి నాకేమీ కనిపించడం లేదన్నాను. ఒకసారి చూపించమంది. మళ్లీ స్కాను చేస్తూ తెరను ఆమె వైపు తిప్పాను. బిడ్డ చెయ్యి నోటి దగ్గర ఉంది.

“యేలు చీకతంది, చూడయ్యా,” అని భర్తకు చూపించింది. బయట జనం వరుసలో ఉన్నారు. అయినా వాళ్లు చాలనేవరకు యంత్రం ఆపలేదు.

పసిపిల్లల వైద్యులున్నచోట కావాలని కాన్పు గుంటూరులో ఏర్పాటు చేశాము. తలకు సూది పెట్టవద్దని మా ప్రసూతి వైద్యురాలు అక్కడి వాళ్లకు ముందే చెప్పారు. ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. గుండెకు మందులిచ్చారు గానీ, ఊపిరి అందక కొద్దిరోజులకే పోయింది. చెంచాతో పాలు పట్టానని, పోయేటప్పుడు తండ్రి చేతుల్లోనే ఉందని కోటమ్మే తర్వాత నాకు చెప్పింది.

మళ్లీ కడుపుతో వచ్చినప్పుడు, బల్ల ఎక్కకముందే “ముందు తల చూడమ్మా” అంది. ఇది సాధారణంగా వంశంలో వచ్చేది కాదని చెప్పి, తలే ముందు చూశాను. అంతా సవ్యంగా ఉంది. ఆమె బల్ల దిగి చీర సర్దుకుంది. తర్వాత, “దీనికో అక్క ఉండేదని చెప్పుకుంటాంలే,” అంది.

రోగానికి సరైన పేరు పెట్టినంత మాత్రాన నయమైపోదు. చేయకూడనిది చేయకుండా ఆగడానికైనా ఆ పేరు తెలియాలి. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నంతకాలం, బిడ్డ తలలో నల్లటి సంచి కనిపిస్తే గుండె కూడా చూడకుండా నేను రిపోర్టు మీద సంతకం పెట్టలేదు.